మాట వినబడని పెండ్లి వీడియో



2024 క్రిస్మసు దినములలో మా ఇంట జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇది ప్రసంగము కాదు. మీలో అనేకుల ఇండ్లలో, ఇనుప పెట్టె అడుగుననో బీరువా మీదనో, ఒక పాత పెండ్లి క్యాసెట్టో మసకబారిన సి.డి.యో ఉండియే యుంటుంది. మేము పడిన తిప్పలు చదివితే మీకు కొన్ని తిప్పలైనా తప్పవచ్చును.

మా అక్కయ్య పెండ్లి 1995 మే నెలలో రావులపాలెములో జరిగింది. అప్పటికి మాకు 15 ఏండ్లు. సెంటరులోని స్టూడియో వారు భుజము మీద మోయు పెద్ద కెమెరాతో వచ్చారు. దానికి తోడు కండ్లు చెదరగొట్టే లైటు ఒకటి. ఆ లైటు వైరు జనము కాళ్లకు తగులకుండ పట్టుకొని వెనుక నడచుట మా పని. వైరు పట్టుకొన్నవాడు వీడియోలో పడడు. అందుచేత మూడు గంటల క్యాసెట్టులో మేము ఒక్కచోటనే, అదియు మోచేయి మట్టుకే, కనబడుదుము.

మా తండ్రిగారు ప్రాథమిక పాఠశాలలో పంతులుగారు. ఆదివారము సంఘములో ప్రార్థన నడిపించేవారు. 2006లో ప్రభువునందు నిద్రించారు. ఎందరో పిల్లలు ఆయన గొంతు విని అక్షరములు నేర్చుకొన్నారు గాని, ఆ గొంతు పట్టి ఉంచిన వస్తువు ఈ లోకములో ఒక్కటే. అక్కయ్యను అత్తవారింటికి సాగనంపుచు మా వాకిటిలో నిలువబడి ఆయన చేసిన ప్రార్థన. నాలుగు నిమిషములు ఉంటుంది.

ఫోటోలు లేవా అని అడుగుదురేమో. ఉండేవి. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమ మీద పడిన తుపాను సంగతి మన ప్రాంతపువారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేయిమందికి పైగా ప్రాణములు పోయిన రాత్రి అది. మా పెంకుటింటి కప్పు సగము లేచిపోయింది. పెండ్లి ఆల్బములు రెండును నానిపోయి, పుట ఎత్తబోతే ఈ పుటలోని ముఖములు ఆ పుటకు అంటుకొని వచ్చాయి. క్యాసెట్టు మాత్రము అమ్మ పట్టుచీరల నడుమ ఇనుప పెట్టెలో ఉన్నందున తడవలేదు.

ఆ దినములలో మా వీధిలో వి.సి.ఆర్. ఒక్క ఇంటిలోనే ఉండేది. వారి అమ్మాయి కువైట్ నుండి తెచ్చినది. ఆ మిషనులో మా క్యాసెట్టు చక్కగా ఆడేది. కువైట్‌లోను మన దేశములోను టి.వి. పద్ధతి ఒక్కటే, పాల్ అంటారు. అమెరికా నుండి మా దూరపు బంధువులు పంపిన క్యాసెట్టు ఒకటి అదే మిషనులో పెడితే, బొమ్మ రంగులు లేక పైకి జారిపోవుచుండేది. అమెరికావారి పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, మన పద్ధతిలో 625. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. క్యాసెట్టు చెడిపోయినదనుకొని మూలన పడవేశాము. అది ఏమీ చెడిపోలేదు పాపము.

2011లో, క్యాసెట్టు అరిగిపోవుచున్నదని రాజమండ్రిలో ఒక షాపునకు తీసుకువెళ్లి రెండు డి.వి.డి.లు చేయించాము. ఆ పని చేయుట ఎంతో మేలైనది. ఎందుకనగా వి.సి.ఆర్.లు తయారుచేయుచున్న చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016 జూలైతో ఆ పని మానుకొన్నది. తరువాత మా మేనల్లుడు ఆ డి.వి.డి.లలో ఉన్నదంతయు తన హార్డు డిస్కులోనికి ఎక్కించుకొన్నాడు. మేము ఇక నిశ్చింత అనుకొన్నాము.

2024 నవంబరులో అమ్మకు కంటి ఆపరేషను అయింది. ఆమెకు 78 ఏండ్లు. చుక్కల మందు వేయుట ముగిసిన వారము, "అబ్బాయ్, ఇప్పుడు బాగా అగుపిస్తుంది గదా, నాన్నగారి ప్రార్థన ఒకసారి వెయ్యరా" అన్నది. అదే వారములో కువైట్ నుండి అక్కయ్య ఫోను. వచ్చే మే నెలకు పెండ్లియై 30 ఏండ్లు నిండునట, నాన్నగారి ప్రార్థన మట్టుకు తన ఫోనుకు పంపమన్నది. ఎంత పని, అరగంట, అనుకొన్నాము.

డి.వి.డి. తీసి చూచితే అడుగు భాగము మరకలు పట్టినట్లున్నది. చర్చి ఆఫీసు కంప్యూటరులో పెడితే గిర్రున తిరిగి, టకటకలాడి, ఊరకుండెను. షాపులలో వ్రాసి ఇచ్చు డిస్కులలో అక్షరములు నిలుచునది ఒక రంగుపూత మీదనే గనుక, ఎండ, ఉక్క, గీతలు తగిలితే అది ఎక్కువ కాలము నిలువదట. రెండవ డిస్కు కూడ అంతే. ఇక మిగిలినది మేనల్లుని హార్డు డిస్కు. అతడు క్రిస్మసు సెలవులకు హైదరాబాదు నుండి వచ్చుచు దానిని తెచ్చాడు. అందులో వీడియో అను పేరుగల ఫోల్డరు, దానిలో వరుసగా ఒక్కొక్కటి 1 జి.బి. చొప్పున, చివర వి.ఓ.బి. అని పేరుగల ఫైళ్లు. అవి గాక, 2013లో ఎవరో చేసిపెట్టిన ఎ.వి.ఐ. ఫైలు ఒకటి.

ఇప్పుడు చూడండి మా అవస్థ. అమ్మాయి డిగ్రీ చదువుకు కొన్న కొత్త ల్యాప్‌టాపులో వి.ఓ.బి. తెరువనే తెరువలేదు. ఎ.వి.ఐ. తెరిస్తే పాట వినబడింది, తెర నల్లగానే ఉన్నది. మా ఫోనులో ఎక్కిస్తే ఈ రకము ఫైలు ఆడదని వచ్చింది. చర్చి ఆఫీసులో పది పన్నెండేండ్ల నాటి పాత కంప్యూటరు, విండోస్ 7 ఉన్నది, దానిలో మాత్రము బొమ్మ, మాట రెండును వచ్చాయి. పాతది పనిచేసి కొత్తది చేయకపోవుట ఏమిటని మా ఇంటావిడ నవ్వినది. నవ్వు కాదు గాని అందులో నిజమున్నది. విండోస్ 7లో డి.వి.డి. ఫైళ్లను విప్పు పనిముట్టు చాలా రకములలో లోపలనే ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి దానిని తీసివేశారు.

ఆఫీసు మెట్లు అమ్మ ఎక్కలేదు. పెన్‌డ్రైవులో వేసి ఇంటిలోని టి.వి.కి పెట్టాము. బొమ్మ వచ్చింది! అక్కయ్య, బావగారు, పందిరి, బ్యాండు మేళము, అందరును వచ్చారు. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నది. మా తండ్రిగారు వాకిటిలోనికి వచ్చి, అక్కయ్య తలమీద చెయ్యి వేసి, కన్నులు మూసికొన్నారు. పెదవులు కదులుచున్నవి. మాట లేదు. మేము రిమోటు తీసికొని శబ్దము పెంచాము. 40, 60, 100. ఏమియు లేదు.

"ఏటబ్బాయ్, ఆయన మాట్టాడుతుంటే వినపడదేం? నా చెవులు కూడా పోయినాయా?" అని అమ్మ అడిగింది.

కాదమ్మా, టి.వి.లోనే శబ్దము లేదని చెప్పాము. నమ్మినట్లు లేదు. వార్తలు పెట్టి చూపించిన తరువాత నమ్మింది. అయినను ఆ రాత్రి భోజనము సరిగా చేయలేదు.

ఇక్కడ మేము చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకొనవలెను. మేము వేదాంత డిప్లొమా చదివినవారమే గాని కంప్యూటరు చదివినవారము కాము. ల్యాప్‌టాపు మీద 'కోడెక్ లేదు' అని వచ్చిన మాటను పట్టుకొని ఇంటర్నెట్టులో వెదకితే, ఒక్క నొక్కుతో అన్ని వీడియోలు ఆడునని ఎవరో పెట్టియున్నారు. నొక్కాము. తెల్లవారేసరికి తెర నిండ ప్రకటనలు, ఏది తెరిచినను మరొకటి తెరుచుకొనుట. చివరకు మిషను అంతయు తుడిచి మొదటినుండి ఎక్కించవలసి వచ్చింది. మా ఇంటావిడ రెండు నెలలుగా అందులో టైపు చేసిన బాప్తిస్మముల జాబితా దానితో పోయింది. చేతివ్రాత పుస్తకము ఉన్నది గనుక బ్రతికిపోయాము. హార్డు డిస్కు ఆ సమయమున తగిలించి లేదు, అది మరి గొప్ప మేలు. పాఠకులారా, ఉచితముగా అన్నియు బాగుచేసెదనని పిలుచు ఏ పేజీని నొక్కవద్దు.

మా సంఘములో ఒక తమ్ముడు అరటిపండ్ల మార్కెట్టులో లెక్కలు వ్రాయుచున్నాడు. ఇంటరు వరకు చదివాడు. ఆరాధన తరువాత మా ముఖము చూచి సంగతి అడిగి, సాయంత్రము ఇంటికి వచ్చాడు.

"అయ్యగారండీ, ఫైలు పేరు చివర ఉన్నది చూసి ఏటీ చెప్పలేమండి. గెలకు ఆకు చుట్టేసి లారీ ఎక్కించాక పైనుంచి చూస్తే అది కర్పూరో చక్కెరకేళో తెలుస్తదా అండి? ఆకు విప్పాలండి."

ఎంత చక్కగా చెప్పాడు! రావులపాలెము బిడ్డకు తప్ప ఆ మాట తోచదు. ఎ.వి.ఐ., ఎం.పి.4, వి.ఓ.బి. అనునవి చుట్టిన ఆకు మాత్రమే. లోపల బొమ్మ ఒక మూట, శబ్దము మరొక మూట. ఏ మూట ఏ విధముగా కట్టియున్నదో ఆ విధముగా విప్పు నేర్పు ఆ యంత్రములో ఉండవలెను. ఆ నేర్పునే కోడెక్ అంటారు. బొమ్మ విప్పుట వచ్చి శబ్దము విప్పుట రాకపోతే పెదవులు కదులును, మాట వినబడదు. శబ్దము విప్పుట వచ్చి బొమ్మ విప్పుట రాకపోతే నల్లని తెర మీద పాట వినబడును. ఫైలు ఎక్కడను చెడలేదు.

అతడు తన ఫోనులో నుండి వి.ఎల్.సి. అను ఉచిత ప్లేయరును దాని సొంత చిరునామా నుండియే ల్యాప్‌టాపులోనికి దించాడు. వంతెన మరమ్మత్తులప్పుడు రోడ్డు మీద పెట్టు నారింజరంగు శంకువు దాని గుర్తు. పారిస్ నగరము చెంత ఇంజనీరింగు విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని, 2001 నుండి అందరికి ఉచితము. దాని గొప్పతనము ఏమనగా మూటలు విప్పు నేర్పులన్నియు తనతోనే తెచ్చుకొనును, మిషనులో ఉన్నవా లేవా అని చూడదు. మా ఫైలు దానిలో తెరిచి, కంట్రోలు మీటతో జె అక్షరము నొక్కితే, లోపలి మూటల పేర్లు వచ్చాయి. బొమ్మ ఎంపెగ్-2. శబ్దము ఎ.సి.3. ఈ రెండవదానిని మా టి.వి. ఎరుగదు. అదే మా అమ్మ చెవులకు వచ్చిన రోగము.

వి.ఎల్.సి.లో బొమ్మ, మాట రెండును వచ్చాయి. అయితే కదలిక ఉన్నచోటనెల్ల అంచులు దువ్వెన పండ్లవలె చీలి కనబడెను. పాత టి.వి.లు ఒక బొమ్మను ఒక్కసారిగా చూపవు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, సెకనుకు 50 సార్లు మార్చి మార్చి వేయును. కొత్త తెరలు రెండింటిని ఒక్కసారిగా పరచును గనుక చేయి ఊపినచోట రెండు చేతులు అల్లుకొన్నట్లుండును. ప్లేయరులో వీడియో అనుచోట డీఇంటర్లేస్ అని ఉన్నది, అది పెడితే సర్దుకొన్నది. 2013 నాటి ఎ.వి.ఐ. ఫైలులో మరొక చిత్రము. ఎవరో దానిని వెడల్పు తెరకు సాగదీసి యుంచారు. మా బావగారు సన్నని మనిషి, అందులో రైసుమిల్లు యజమానివలె ఉన్నారు. పాత వీడియోలు 4కు 3 పాళ్ల కొలతలో ఉండవలెను. ప్రక్కల నల్లని పట్టీలు వస్తే రానివ్వండి, మనుష్యులను సాగదీయవద్దు.

ఇక టి.వి.కి, ఫోనులకు తెలిసిన మూటగా మార్చుట. దీనికి హ్యాండ్‌బ్రేక్ అని మరొక ఉచిత ప్రోగ్రాము. మొదట మేము ఒక్కొక్క వి.ఓ.బి. ఫైలును వేరువేరుగా మార్చాము. అక్కడ మా గుండె ఆగినంత పని అయింది. నాన్నగారి ప్రార్థన మధ్యలో తెగిపోయింది! "ప్రభువా, నా బిడ్డను" వరకు మూడవ ఫైలు. నాలుగవది ఆ తరువాతి మాటలు కొన్ని మ్రింగివేసి మొదలగుచున్నది. డి.వి.డి. పద్ధతిలో ప్రతి ఫైలును 1 జి.బి. దాటకుండ కోయుదురు. అది ప్రార్థన అని గాని, ఊపిరి తీయుచోటు అని గాని కత్తికి తెలియదు. తమ్ముడు మరునాడు వచ్చి, ఫైళ్లను విడివిడిగా కాక ఫోల్డరు అంతటిని ఒక్కటిగా తెరిపించాడు. అప్పుడు తెగిన చోటు కనబడకుండ అతుకుకొన్నది.

ఈ లోపల మేము సొంత తెలివితో ఆ ముక్కలన్నిటిని ఒక్క ఫైలుగా కలిపి, 4.3 జి.బి. అయితే, 16 జి.బి. పెన్‌డ్రైవులో వేయబోయాము. ఫైలు చాలా పెద్దదని తిప్పికొట్టినది. ఖాళీ ఎంతో ఉన్నది గదా అని రెండు పెన్‌డ్రైవులు మార్చాము. సంగతి ఏమనగా, ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవులో 4 జి.బి.కి మించిన ఒక్క ఫైలు పట్టదు, ఎంత చోటు ఉన్నను సరే. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చితే పట్టును. మార్చునప్పుడు లోపలిది అంతయు చెరిగిపోవును గనుక ముందుగా తీసి ఉంచుకొనవలెను. మా టి.వి. ఎక్స్‌ఫ్యాట్‌ను చదివినది. కొన్ని టి.వి.లు చదువవు.

చివరకు మేము పెట్టిన అమరికలు వ్రాయుచున్నాము, కావలసినవారు వ్రాసికొనండి. పైన ఆకు ఎం.పి.4. లోపల బొమ్మ హెచ్.264. ఇది 2003 నుండి ఉన్నది, దాదాపు ప్రతి ఫోను, టి.వి. దీనిని ఎరుగును. దీనికంటె కొత్తదైన హెచ్.265 చోటు తక్కువ తీసికొనును గాని పాత మిషన్లు దానిని విప్పలేవు. శబ్దము ఎ.ఎ.సి. గీతలు విడదీయు అమరిక పెట్టవలెను. సెకనుకు 25 బొమ్మలు, మారక స్థిరముగా. ఈ చివరిది మొదట మేము విడిచిపెట్టాము. ఆడించి చూస్తే పోను పోను మాట పెదవుల వెనుక పడుచున్నది. స్థిరముగా 25 పెట్టి మరల చేస్తే సరిపోయింది. మూడు గంటల పెండ్లి మారుటకు రాత్రి చాలా సేపు పట్టినది. నడుమ కరెంటు పోయినది గాని ల్యాప్‌టాపు గనుక నిలిచినది.

డిసెంబరు 29, ఆదివారము సాయంత్రము అమ్మను మరల కుర్చీలో కూర్చుండబెట్టాము. ఈసారి ముందుగా మేమే ఆఫీసులోను ఫోనులోను ఆడించి చూచుకొన్నాము, ఆమెను మరల ఆశపెట్టి ఉసూరుమనిపించుట మాకు ఇష్టము లేదు. నాన్నగారు వాకిటిలోనికి వచ్చారు. వెనుక జనరేటరు మ్రోత. బ్యాండువారిలో ఎవరో డోలు మీద వ్రేళ్లు ఆడించుచున్నారు. ఆ మ్రోతలో నుండి, "ప్రభువా" అని, బొంగురు గొంతుతో. అమ్మ కన్నులు మూసికొన్నది. చూడవలెనని అంతగా అడిగిన మనిషి, ఆపరేషను చేయించుకొన్న కన్నులు, ఆ నాలుగు నిమిషములును మూసికొనియే ఉన్నది.

అయిన తరువాత అన్నది కదా, "ఆ రోజు ఆయనకు జొరం రా. పొద్దున్నే నూట రెండు. పెళ్ళివారికి తెలిస్తే కంగారుపడతారని ఎవరికీ చెప్పొద్దన్నారు. అసలు ఆయన గొంతు అలా ఉండదు."

మేము మాటలాడలేకపోయాము. ఇన్ని ఏండ్లుగా మా తలలో ఉన్న నాన్నగారి గొంతు ఆ బొంగురు గొంతే. క్యాసెట్టులో విని విని దానినే ఆయన గొంతని నిలుపుకొన్నాము. అసలు గొంతు ఎట్లుండేదమ్మా అని అడిగితే, ఆమె కొంతసేపు ఆలోచించి, ఆయన పిల్లలకు ఎక్కాలు చెప్పిన తీరున "రెండొకట్ల రెండు" అని రెండు మూడు వరుసలు అని చూపించింది. అనుచుండగానే నవ్వు వచ్చింది. మేము గబగబ ఫోను తీసి అది పట్టుకొన్నాము. ఆ ఫైలు కూడ ఇప్పుడు అదే పెట్టెలో ఉన్నది.

అక్కయ్యకు నాలుగు నిమిషముల ముక్కను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాము. వీడియోగా పంపితే అది బొమ్మను నలిపివేయును, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు వెళ్లును. జ్వరము సంగతి ఆమెకును తెలియదు. ఆ రాత్రి అమ్మతో రెండు గంటలు మాటలాడింది. వారు ఏమి మాటలాడుకొన్నారో మేము అడుగలేదు.

మొదటి వి.ఓ.బి. ఫైళ్లను చెరపలేదు. మార్చిన ప్రతి ఫైలులో కొంత నాణ్యత పోవును గనుక, మొదటిదానిని ఉంచుకొని నకలును వాడుకొనుట మేలు. ఒక నకలు మా ఇంట, ఒకటి మేనల్లుని యొద్ద హైదరాబాదులో. ఒకే కప్పు క్రింద రెండు నకళ్లు ఉంచుట ఎందుకు కూడదో 1996లో చూచినవారము.

ఈ సంగతి సంఘములో తెలిసిన తరువాత మాకు పని పెరిగింది. ఒక సహోదరుడు తన తండ్రి సమాధి కార్యక్రమపు సి.డి. తెచ్చాడు. వీడియో సి.డి.లలో ఎంపెగ్ ఎ.వి. అను ఫోల్డరులో డాట్ అని ఫైలు ఉంటుంది. దానిని నకలు తీసి, పేరు చివర ఎం.పి.జి. అని మార్చితే చాలా ప్లేయర్లు తెరుచును. అతనికి పది నిమిషములలో అయిపోయింది. ఒక అమ్మ, తన కుమార్తె మస్కట్ వెళ్లకముందు బిడ్డను ప్రతిష్ఠించిన వీడియో తెచ్చింది. ఆ బిడ్డ ఇప్పుడు పదవ తరగతి. తల్లి తనను ఎత్తుకొని ఉన్నది చూచి ఏమియు అనలేదు గాని, మరల మొదటినుండి వేయమన్నాడు.

అన్నియు కుదురవు. గడచిన నెలలో ఊబలంక వైపు నుండి ఒక పెద్దాయన 1991 నాటి క్యాసెట్టు తెచ్చారు. కిటికీలో నుండి చూస్తే టేపు అంచున తెల్లని బూజు. మన డెల్టా చెమ్మకు క్యాసెట్టులు ఇట్లు అగును. అట్టిదానిని వి.సి.ఆర్.లో పెట్టకూడదు, మిషను తల పాడగుటే గాక టేపు కూడ తెగును. ముందుగా తెలిసినవారు విప్పి, బూజు తుడిచి, మరల చుట్టవలెను. అట్టి పని చేయువారి కొరకు రాజమండ్రిలోను విజయవాడలోను అడుగుచున్నాము. పెద్దాయన మొన్న మార్కెట్టుకు గెలలు తెచ్చి, తిరిగి వెళ్లుచు మా ఇంటికి వచ్చి, "తొందరేం లేదండి అయ్యగారూ, ముప్పయ్యేళ్ళు ఆగాను గదండి" అని క్యాసెట్టును ఒకసారి చేతిలోనికి తీసికొని చూచి, మరల మా బల్లమీదనే పెట్టి వెళ్లారు.